ఉంది, ఉండాలి

కోర్సు అయిపోయింది. చేతిలో ఓ సర్టిఫికెట్టు,
క్యాంటీన్‌లో అందరికీ తలో యాలకుల బన్ను.
పన్నెండు వారాల్లో నేర్చుకున్నది
ఒక్క మాట: ఉండాలి.

ఎలా అని చెప్పక్కర్లేదు, ఏది ముందో చెప్పక్కర్లేదు.
మూడు సర్వర్లు ఉండాలి అని రాస్తే ఉంటాయి.
చుట్టూ గోడ ఉండాలి అంటే గోడ.
ఒకటి చస్తే ఇంకోటి లేవాలి అంటే
నేను బూట్లు విప్పేలోగా లేచి కూర్చుంటుంది.
నలభై మూడేళ్లకి
నా మాట వినేది ఒకటి దొరికింది.

ఈ భవనం ఒకప్పుడు కాగితం మిల్లు.
కైనూ అడవుల దుంగలు ఏట్లో తేలుతూ వచ్చి
ఇక్కడ తెల్లగా చుట్టలు చుట్టుకునేవి.
నేను రీళ్లు తూచేదాన్ని.
కాగితానికి 'ఉండాలి' చాలదు,
గుజ్జు పలచనైతే చెవికి తెలియాలి,
రోలరు వేడెక్కితే అరచేతికి.

"తర్వాత ఏమిటి?" అని కోర్సు చివరి స్లైడు.
కింద బాణాలు, ఇంకా ఖరీదైన కోర్సుల పేర్లు.

నాకు తర్వాత వచ్చింది జనవరి,
మైనస్ ఇరవై ఏడు.

ఫైల్లో రాసినదాన్నీ నిజంగా ఉన్నదాన్నీ
పక్కపక్కన పెట్టి తేడా చూపమన్నాను.
తెర మీద ఎర్రగా: పద్నాలుగు మెషీన్లు, అదనం.
ఎవరి ఖాతాలోనూ లేవు.
శనివారం రాత్రి పదింటికి నిద్ర లేచి
ఆదివారం మధ్యాహ్నం దాకా
సున్నాలకు సున్నాలు కూడుకుంటాయి.
తీసేయమంటారా? అని అడిగింది.
'అవును'కి మూడక్షరాలు.
రెండు కొట్టాను.

మూడోదాన్ని ఆపింది తెలివి కాదు,
మిల్లు పెట్టిన భయం:
ఊరికే తిరిగే చక్రం ఏదీ
ఊరికే తిరగదు.

రాత్రి షిఫ్టు తైస్తో హార్కొనెన్
ఫ్లాస్కు మూతలో కాఫీ పోసుకుంటూ
నా వంక చూడకుండానే అన్నాడు:
"అవి లెక్కలు చెయ్యవు. నీళ్లు కాస్తాయి."

మన వేడి గొట్టాల్లో ఊరి ఈతకొలనుకి పోతుందట.
వారాంతం పని తగ్గి మెషీన్లు చల్లబడితే
కొలనూ చల్లబడుతుందట.
ఆదివారం తొమ్మిదింటికి కీళ్లనొప్పులవాళ్ల తరగతి,
తుంటి మార్పించుకున్న సైమా, ఎప్పుడూ ముందే వచ్చే ఐలీ,
నీళ్లలో మాత్రమే నడవగల ఒక పోస్టుమాస్టరు.
వేడిని నిలిపే వాల్వు పాడైంది,
దాన్ని చేసే కంపెనీ దివాలా తీసింది.
"సెప్టెంబర్లోనే అర్జీ పెట్టాను" అన్నాడు.
"మీ ఫైళ్లు రాయడం నాకు రాదు. చేతికందింది చేశా."

'ఉంది'కీ 'ఉండాలి'కీ నడుమ తేడాని
డ్రిఫ్ట్ అంటారు. ఒడ్డు వదిలి కొట్టుకుపోవడం.
ప్రతిసారీ తప్పు 'ఉంది'దే అని నేర్పారు మాకు.
ఈసారి కొట్టుకుపోయింది ఫైలు.
తైస్తో ఒడ్డునే ఉన్నాడు,
కాఫీ తాగుతూ.

పద్నాలుగునీ రాతలోకి ఎక్కించాను.
పైన, యంత్రం చదవని వరసలో, మనుషుల కోసం:
ఈతకొలనుకి. వాల్వు వచ్చాక తీసేయండి.
అనుమానముంటే తైస్తోని అడగండి.

వాల్వు రాలేదు.
మే మొదట్లో ఏట్లో మంచు పెళపెళ విరిగింది.
తైస్తో రిటైరయ్యాడు.
కేకు మీద ఆయన పేరులో ఒక చుక్క తప్పిపోయింది,
ఆయనే వేలితో పెట్టుకుని, వేలు నాకాడు.

ఆ సాయంత్రం ఫైలు తెరిచి
ఒక్క మాట మార్చాను.
ఇప్పుడు అక్కడ ఇలా ఉంది:

అనుమానముంటే ఇర్యాని అడగండి.